బొట్టు పెట్టిన నూనె డబ్బా

ఏ.ఎస్. రావు నగర్‌లోని ఆ సందులో ఎవరింట్లో మిక్సీ మొరాయించినా, నీళ్ల మోటారు గుర్రుమని ఆగిపోయినా ముందు గుర్తొచ్చేది నూకయ్యే. దుకాణం పెట్టుకున్న మెకానిక్కులు ఆ తర్వాత. అనకాపల్లి వైపు నుంచి మీసాలు సరిగా రాని వయసులో వచ్చి, ఇక్కడి పెద్ద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి రిటైరైన మనిషి ఆయన. రిటైర్మెంటు కొలువుకే గానీ చేతులకు కాదు. ఖాళీగా కూర్చోబెడితే బాగున్న ఫ్యాను కూడా విప్పేస్తాడని భార్య సత్యవేణి అంటూ ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు.

ఇక ఆయన పానాల పెట్టె ఉందే, దానికి ఇంట్లో దేవుడి గదికున్నంత మర్యాద. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరస తప్పకుండా పడుకుని ఉంటాయి. ఏటా దసరాకి సత్యవేణి వాటిని కుంకుడు రసంతో కడిగి, ఆరబెట్టి, నవమినాడు పీట మీద పేర్చి, ఒక్కొక్కదానికీ పసుపూ కుంకుమా పెట్టి పూజ చేస్తుంది. పూజలో కూర్చున్న సామాను దశమి పొద్దున దణ్ణం పెట్టుకుని తీసేదాకా కదపకూడదు. ఆ ఒక్కరోజు మాత్రం ఎవరింట్లో ఏం చెడినా, "రేపు రండి బాబూ, పానాలు పూజలో ఉన్నాయి" అనేస్తాడు నూకయ్య. ఆ మాట అనడం ఆయనకు ఎంత ఇష్టమో ఆ ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఇంత మంచి మనిషికీ ఒక జబ్బుంది. 'నాకు తెలీదు' అనే మాట నోట రాదు. ఎదురుగా ఏ యంత్రం పెట్టినా, జన్మలో చూడనిదైనా సరే, "ఆ, ఇది మనకి తెలిసిందే" అంటూ ఓ బోల్టు మీద చెయ్యేస్తాడు. ఫోన్‌లో వీడియోలు చూసి పని నేర్చుకునేవాళ్లంటే మహా చిన్నచూపు. "వంట తెలిసినోడు పుస్తకం చూసి ఉప్పేత్తాడేటి?" అని నవ్వుతాడు. ఎప్పుడో ఒకప్పుడు ఆ నవ్వుకి లెక్క చెప్పాల్సి వస్తుందని ఆయన అనుకోలేదు.

ఎదురింట్లో అనుపమ ఉంటుంది. పుట్టిల్లు బోయిగూడ, ఉద్యోగం బోయిన్‌పల్లిలో ఒక బ్యాంకులో. పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. కర్ర ఊతంతో నడుస్తుంది. క్లచ్చి తొక్కే పని లేని కారు, గేర్లు వాటంతటవే పడే ఆటోమేటిక్, పాతదొకటి కొనుక్కుంది. కొన్నప్పుడు ఆమె భర్త యుగంధర్ కూడా, "ఈ కాలుతోటి నీకెందుకే ఈ పరేషానీ, నేను బైకు మీద దింపుతలేనా?" అని గునిశాడు. ఆమె వినలేదు. పొద్దున్నే గేటు ముందు కారు తలుపు తీసి, సీట్లో కూర్చుని, రెండు చేతులతో ఎడమ కాలిని ఎత్తి లోపల పెట్టుకుని, తలుపు వేసుకుని, నూకయ్య వరండా వైపు ఒక చిన్న హారన్ కొట్టి వెళ్లిపోతుంది. ఆ హారన్‌కి నూకయ్య పేపరు ఎత్తి చూపిస్తాడు. సందుకంతా అది అలవాటైపోయింది.

దసరా ముందు అనుపమే వచ్చి అడిగింది. "బాబాయ్, గేరు పడేటప్పుడు బండి జెర ఝట్కా ఇస్తున్నది. గేర్‌బాక్స్‌ల నూనె, ఫిల్టరు మార్చాల్నంట. సర్వీసింగోళ్లేమో పండగ పోయినంకనే రమ్మంటున్నరు. సద్దుల బతుకమ్మకి నేను అమ్మ దగ్గరికి పోవాలె. ఏం జేద్దామంటరు?"

"ఆ మాత్రం దానికి సర్వీసింగెందుకమ్మా?" అన్నాడు నూకయ్య. "కింద చాంబరిప్పాలి, ఫిల్టరు మార్చాలి, నూనె పొయ్యాలి. అంతే కదేటి? సద్దులనాడు పొద్దున్నే చేసిచ్చేత్తాను."

స్కూటర్ల గేర్ నూనె మార్చాడు, ఫ్యాక్టరీ జీపుది మార్చాడు, తోడల్లుడి వ్యానుది మార్చాడు. ఆటోమేటిక్ బండి గేర్‌బాక్స్ మాత్రం అంతకుముందు ముట్టి ఎరగడు. ఆ సంగతి ఆ పిల్లకి చెప్పాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు.

రాణిగంజ్ వెళ్లి ఫిల్టరూ, ప్యాకింగూ, ఎర్రటి కొత్త నూనె డబ్బాలూ తెచ్చాడు. సద్దులనాడు తెల్లవారగానే కారు ముందు భాగం జాకీతో లేపి, కింద ఇనప స్టాండ్లు పెట్టి, వీపు కింద గోనె పరుచుకుని దూరాడు. న్యాయంగా చెప్పుకోవాలి, అక్కడి నుంచి చాలాసేపు పని చూడముచ్చటగా సాగింది. చాంబరు బోల్టులు ఒక మూల వదులు చేసి, పాత నూనె టబ్బులోకి నెమ్మదిగా దించాడు. నల్లగా, మాడిన వాసనతో దిగింది. చాంబరు అడుగున అయస్కాంతానికి పట్టిన ఇనప మడ్డిని గుడ్డతో తుడిచాడు. పాత ఫిల్టరు లాగి, దాని రబ్బరు రింగు పైన ఉండిపోలేదు కదా అని వేలు పెట్టి చూసుకున్నాడు. కొత్తది ఎక్కించాడు. ప్యాకింగు పరిచి, బోల్టులు ఒకదానికెదురుగా ఒకటి బిగించాడు. అనుపమ గేటు దగ్గర కుర్చీ వేసుకుని బతుకమ్మకి గునుగు పూలు రంగులో ముంచుతూ, "మా బాబాయ్ ఉంటే నాకు షోరూములెందుకు?" అని వచ్చేపోయేవాళ్లతో అంటోంది. ఆ మాట వినడానికి కారు కిందే ఇంకాసేపు ఉండాలనిపించింది నూకయ్యకి.

ఇంతలో సత్యవేణి వచ్చింది. "ఎంతసేపండీ? పొద్దెక్కిపోతోంది. పానాలు కడగాలి, ఆరాలి. రేపు పూజకి తడి సామాను పెట్టనా?" అంటూనే నిండుగా ఉన్న టబ్బు చూసి, "ఈ నూనె పెరటి తలుపుకి పూసేత్తాను, చెదలు తినేత్తన్నాయి" అని పట్టుకుపోయింది.

దిగిన నూనె ఎంతో కొలిచి, మళ్లీ అంతే పొయ్యాలన్నది ఫ్యాక్టరీలో నేర్చిన మొదటి పాఠం. టబ్బు పెరట్లోకి వెళ్లిపోతుంటే నూకయ్యకి అది గుర్తొచ్చింది కూడా. 'పోనీలే, మట్టం చూసే గేజీ పుల్ల ఉంది కదా' అనుకున్నాడు. గరాటు పెట్టి కొత్త నూనె పోస్తూ, మధ్యమధ్యలో గేజీ పుల్ల తీసి తుడిచి ముంచి చూశాడు. ఇంజన్ ఆపే ఉంది. స్కూటరుకైనా జీపుకైనా అలాగే చూస్తాడు మరి. పై గీత దాకా తడి వచ్చింది. పుల్ల మీద ఏవో సన్నటి అక్షరాలు చెక్కి ఉన్నాయి గానీ, వాటి కోసం లోపలికెళ్లి కళ్లజోడు తెచ్చుకోవడం దేనికనుకున్నాడు. ఒక డబ్బా దాదాపు నిండుగానే మిగిలిపోయింది.

"చూశావా అమ్మా," అని ఆ డబ్బా ఊపి చూపించాడు, "సర్వీసింగోళ్లైతే ఇది కూడా పోసేశామని బిల్లేత్తారు. మిగిల్చాను. దాచుంచుతాను, మళ్లీ పనికొత్తాది."

అనుపమ సందు చివరిదాకా కారు నడిపి తిరిగొచ్చింది. ఝట్కా లేదు, చప్పుడు లేదు. దిగగానే ఆయనకి రెండు చేతులా దణ్ణం పెట్టింది. నూకయ్య ఆ పూట భోజనంలో ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు.

సాయంత్రం పట్టుచీర కట్టుకుని, తంగేడూ గునుగూ బంతీ పేర్చిన బతుకమ్మని ముందు సీట్లో పెట్టి, దానికి బెల్టు కూడా బిగించి, అనుపమ ఒక్కతే బోయిగూడ బయల్దేరింది. దారిలో రైలు బ్రిడ్జి ఉంది కదా, దాని ఎత్తు సగం ఎక్కేసరికి కారు ఎక్కడం మానేసింది. ఇంజన్ అరుస్తోంది, చక్రాలు కదలవు. బ్రేకు మీంచి కాలు తీస్తే వెనక్కి జారుతోంది. పండగ రద్దీ, వెనక బస్సు, బస్సు వెనక బారెడు వరస. హారన్లు. ఎవడో బండివాడు పక్కకొచ్చి కర్రనూ కాలినీ చూసి, "ఇంటికాడ కూసోక ఎందుకు తెస్తరమ్మా రోడ్డు మీదికి?" అన్నాడు. చివరికి నలుగురు పట్టి కారును పక్కకి నెట్టారు. ఆ కుదుపుకి బతుకమ్మ ఒరిగి సీటంతా పూలైపోయాయి. వాళ్లమ్మ కమలాబాయి వీధిలో ఆడవాళ్లంతా ఆడి, పాడి, బతుకమ్మల్ని నీళ్లలో వదిలి వచ్చే వేళకి కూడా అనుపమ బ్రిడ్జి మీదే నిలబడి ఉంది.

ఇంజన్ చల్లబడ్డాక కారు మళ్లీ కదిలింది. ఫోన్ చేస్తే వచ్చిన యుగంధర్ బైకు మీద ముందు నడుస్తుంటే ఎలాగో ఇల్లు చేరింది. సందులో సగం జనం గేటు ముందు చేరారు. నూకయ్య చెప్పుల్లేకుండానే పరుగెత్తాడు. కారెక్కి సందులో ముందుకీ వెనక్కీ నడిపి చూశాడు. శుభ్రంగా నడిచింది.

"పొద్దుగాల నూనె మార్చినంకనే గదా బాబాయ్ గిట్లయింది?" అన్నాడు యుగంధర్. కోపంగా ఏమీ కాదు, మామూలుగానే అడిగాడు.

"బాబాయ్ చేసిన పనిల తప్పుండదు," అంది అనుపమ. పట్టుచీర అంచుకి గ్రీజు అంటింది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. అయినా ముందు ఆ మాటే అంది.

అందరూ నూకయ్య వైపు చూశారు. అదిగో, అప్పుడు నోరు జారాడు ఆయన. మనసులో ఎక్కడో ఆ మిగిలిన నూనె డబ్బా గలగలమంది. ఆ చప్పుడు వినపడకుండా గట్టిగా మాట్లాడాడు. "బండిలో ఏటీ లేదమ్మా. మీరే చూశారు, లక్షణంగా నడుత్తంది. ఎత్తు మీద కంగారుపడి ఉంటావు. నీకు తెలీకుండా ఆ ఎడం కాలు బ్రేకు మీద పడిపోయుంటాది. ఇటు బ్రేకు, అటు యాక్సిలేటరు, రెండూ ఒకసారే పడితే ఏ బండి ఎక్కుతాది?"

చుట్టూ ఉన్నవాళ్లు నిజమేనన్నట్టు తలూపారు. అందరి చూపులూ నూకయ్యని వదిలి ఆమె కాలి మీదకి వెళ్లాయి. అనుపమ ఆయన ముఖం చూసింది, తర్వాత భర్త ముఖం చూసింది. యుగంధర్ కూడా తలూపుతూ, "గదే అయ్యుంటది" అన్నాడు. ఆమె కర్ర టకటకలాడించుకుంటూ లోపలికెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక నూకయ్యకి అన్నం సహించలేదు. తెల్లవారితే నవమి. సత్యవేణి పీట మీద పానాలు పేర్చింది, సుత్తీ స్క్రూడ్రైవర్లూ పేర్చింది, గరాటు పెట్టింది, దాని పక్కనే ఆ మిగిలిన నూనె డబ్బా కూడా పెట్టి, అన్నిటితో పాటు దానికీ నిండుగా కుంకుమ బొట్టు పెట్టింది. హారతి ఇస్తుంటే నూకయ్య చూపు మరోచోటికి పోలేదు. అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటున్నాడో, ఆ డబ్బాకి పెట్టుకుంటున్నాడో ఆయనకే తెలీలేదు.

పూజ కాగానే మేడ మీదకెళ్లాడు. బట్టలు ఆరేసే తీగల మధ్య, ఎవరికీ కనపడకుండా నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, జీవితంలో మొదటిసారి ఫోన్‌లో వీడియో చూశాడు. మొక్కజొన్న పీచులాంటి గడ్డమున్న కుర్రాడెవడో హిందీలో చెబుతున్నాడు. ఇలాంటి బండికి నూనె మట్టం ఇంజన్ ఆపి చూడకూడదట. బండి కాసేపు నడిచి వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగానే చూడాలట. ఆపితే పైన తిరిగే నూనంతా చాంబర్‌లోకి దిగి, నిండుగా ఉన్నట్టు కనిపిస్తుందట. తక్కువ పోస్తే మామూలు రోడ్డు మీద నడిచినా, ఎత్తెక్కేటప్పుడు వేడికి పట్టు జారి నిలబడిపోతుందట. గేజీ పుల్ల మీదే ఆ ముక్క రాసి ఉంటుందట. నూకయ్య ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని, ట్యాంకుకి చేరగిలబడి, రెండు చేతులూ ముఖానికి కప్పుకున్నాడు. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది. పని తప్పినందుకు కాదు. పని ఎవడికైనా తప్పుతుంది. ఆ పిల్ల కాలిని అడ్డం పెట్టుకుని తప్పించుకున్నందుకు.

కిందకి దిగేసరికి సత్యవేణి ఎదురింటి నుంచి వస్తోంది. "ఈ ఏడు కారుకి పూజ లేదట," అంది. "కనీసం చక్రాల కింద నిమ్మకాయలైనా పెట్టలేదు. రేపు సాయంత్రం బోయిన్‌పల్లి మార్కెట్ వ్యాపారి ఓంప్రకాశ్ అట, వచ్చి బయానా ఇచ్చి కారు తీసుకెళ్తాడట. దశమి మంచిరోజని యుగంధర్ మాట్లాడేశాడు. ఆ పిల్లా సరేనందట. ఇంక ఆటోలో పోతుందట బ్యాంకుకి. పాపం, మీరన్న దగ్గర నుంచీ ఎవరితోనూ మాట్లాడ్డం లేదు."

నూకయ్య తిన్నగా పూజ పీట దగ్గరికెళ్లి నూనె డబ్బా, గరాటు తీసుకున్నాడు.

"అదేటండీ, రేపటిదాకా కదపకూడదు," అంది సత్యవేణి. ఆయన ఆగలేదు. పెళ్లైన దగ్గర నుంచీ ఆయన పూజలో సామాను కదపడం ఆమె చూడలేదు. గుమ్మంలో నిలబడి ఆయన వెళ్లేవైపే చూస్తూ ఉండిపోయింది.

"ఓసారి చూసిత్తాను," అని యుగంధర్ దగ్గర తాళంచెవి అడిగి, కారును రైలు బ్రిడ్జి దాకా తీసుకెళ్లి, ఓ పక్కన ఆపి, ఇంజన్ నడుస్తుండగా గేజీ పుల్ల తీశాడు. కొసన మాత్రమే తడి ఉంది. డబ్బాలో నూనె కొంచెం కొంచెంగా పోస్తూ, చూస్తూ, చూస్తూ పోస్తూ గీత దాకా తెచ్చాడు. డబ్బా అడుగంటింది. అంత నూనె దాచుకుని, మిగిల్చానని ఊపి మరీ చూపించాడు తను. బ్రిడ్జి ఎక్కించాడు. కారు ఆడుతూ పాడుతూ ఎక్కింది. తిరిగొస్తుంటే గుండె మీంచి బరువు దిగినట్టయింది. బండి బాగైపోయింది, ఎవరికీ ఏమీ తెలీదు, ఆ పిల్ల మళ్లీ నడుపుకుంటుంది, ఇక గొడవేముంది అనుకున్నాడు. మనిషి బుద్ధి ఎంత సులువుగా తనకి తాను మాఫీ చేసుకుంటుందో చూడండి.

అనుపమ వరండాలో కూర్చుని ఉంది. "బండి మంచిగుందా బాబాయ్?" అని అడిగింది.

"బాగుందమ్మా. బ్రిడ్జి కూడా ఎక్కించి చూశాను. నిక్షేపంలా ఉంది."

"అయితే బండిది తప్పు లేదన్నట్టు."

నూకయ్యకి తను పోసిన నూనె ఆ పిల్లకి వ్యతిరేకంగా సాక్ష్యమైపోయిందని అప్పుడు గానీ తట్టలేదు. లోపల్నుంచి యుగంధర్, "నేను చెప్తలేనా? బండి మంచిగున్నప్పుడే అమ్ముకోవాలె" అన్నాడు. చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాడు కూడా. కానీ ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని, "వత్తానమ్మా" అనేసి వచ్చేశాడు.

సత్యవేణి డబ్బా అందుకుని ఊపి చూసింది. చప్పుడు లేదు. బొట్టు మాత్రం కాస్త చెరిగి, అలాగే ఉంది.

"కదపకూడనిది కదిపినప్పుడే అర్థమైందిలెండి," అంది. "టబ్బు పట్టుకుపోయింది నేనే, అందులో నా పాలూ ఉంది. నూనె తక్కువైతే పోసొచ్చారు. బాగుంది. అన్న మాటో? కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనేది కాదు."

"రేపు చెబుతాను," అన్నాడు నూకయ్య గోడ వైపు చూస్తూ.

"మీ ఇష్టం. చెప్పకపోతే మాత్రం రేపు పానాలు నేను తియ్యను. అక్కడే ఉంటాయి."

దశమి సాయంత్రం సందంతా మైదానంలో జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లొచ్చింది. ఇక్కడివాళ్లకి జమ్మి ఆకు బంగారం. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో ఆ ఆకులు పెట్టి కాళ్లకి దణ్ణం పెడతారు, ఈడువాళ్లు ఇచ్చిపుచ్చుకుని కౌగిలించుకుంటారు. ఈ ఊరొచ్చిన కొత్తల్లో నూకయ్యకి అది వింతగా ఉండేది. తర్వాత్తర్వాత, ఎన్ని పండగలున్నా ఈ ఒక్క సాయంత్రం కోసం ఎదురుచూసేవాడు. ఆ రోజు మాత్రం ఇంట్లో దాక్కుందామనుకున్నాడు గానీ సత్యవేణి తలుపు బార్లా తీసి పెట్టింది.

అనుపమ వచ్చింది. వెనకే యుగంధర్, పక్కింటివాళ్లు ఇద్దరు. అన్నీ మనసులో ఉన్నా పండగ మర్యాద తప్పని పిల్ల. ముందు సత్యవేణికి ఇచ్చి, తర్వాత ఆయన ముందుకొచ్చి, కర్ర గోడకి ఆనించి, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని వంగబోయింది. ఆమె వంగడం ఎంత కష్టమో నూకయ్యకి తెలుసు. ఏటా వద్దంటూనే ఉంటాడు, ఏటా ఆమె వంగుతూనే ఉంటుంది.

"ఆగమ్మా," అన్నాడు. "నా కాళ్లు ముట్టుకోకు. నీ బండి ఆగింది నావల్ల. నూనె తక్కువ పోశాను. ఆటోమేటిక్ బండి నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి నామోషీ అయింది. నిన్న తీసుకెళ్లింది చూడ్డానికి కాదు, ఆ తక్కువ నూనె దొంగతనంగా పొయ్యడానికి. నీ కాలి తప్పేటీ లేదమ్మా. ఆ మాట నేను నా పరువు కోసం అన్నాను."

పక్కింటాయన ఏదో సర్దిచెప్పబోయి మానుకున్నాడు. అనుపమ కిటికీ ఊచ వదిలి నిటారుగా నిలబడింది. చేతిలో జమ్మి ఆకులు అలాగే ఉన్నాయి. "నిన్న నూనె పోసొచ్చి, బండి బాగుందన్నప్పుడు సుత మీకు ఎరుకనే గదా?" అని అడిగింది.

"తెలుసు," అన్నాడు నూకయ్య. ఆ ఒక్క మాట అనడానికి, ముందు చెప్పినదంతా చెప్పడానికంటే ఎక్కువ కష్టమైంది.

ఆమె భర్త వైపు తిరిగింది. "ఓంప్రకాశ్ సేఠ్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పు. తాళంచెవి ఇటియ్యి." తర్వాత నూకయ్యతో, "బండెక్కుండ్రి బాబాయ్" అంది.

యుగంధర్ తానూ వస్తానన్నాడు. అవసరం లేదంది.

నూకయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. మొన్న బతుకమ్మ కూర్చున్న సీటు. సీటు మూలన వాడిపోయిన తంగేడు పూవొకటి ఇంకా ఇరుక్కుని ఉంది. అనుపమ అలవాటు ప్రకారం రెండు చేతులతో ఎడమ కాలిని ఎత్తి లోపల పెట్టుకుని తలుపు వేసింది. దారిలో ఆమె ఏమైనా తిడితే బాగుండుననుకున్నాడాయన. బ్రిడ్జి ఎత్తు మొదలవుతుండగా అంది.

"ఇప్పుడు నా కాలు చూడుండ్రి."

నూకయ్య ఎదురుగా అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తూ ఉన్నాడు.

"చూడుండ్రి అంటున్న."

చూశాడు. కుడి కాలొక్కటే పని చేస్తోంది, నెమ్మదిగా నొక్కుతూ. ఎడమ కాలు తలుపు పక్కన, ఆమె చేతులు పెట్టిన చోటే, పెట్టినట్టే ఉంది. బ్రేకుకీ దానికీ మధ్య జానెడు ఖాళీ ఉంది.

"గది బ్రేకు మీదికి ఎట్ల పోతది బాబాయ్? చేతులతోటి ఎత్తి పెడితేగాని జరగని కాలు. రోజు పొద్దుగాల మీ కండ్ల ముంగటనే గదా ఎత్తి పెట్టుకుంట. నాకు దాంట్ల బలం లేదు గాని సోయి లేదనుకున్నరా?" గొంతు పెంచలేదు. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "మీరు అన్నరు సరే. మా ఆయన సుత తలూపిండు. సందోళ్లందరు తలూపిన్రు. గట్లెట్ల అయితదని ఒక్కరన్న అడుగుతరని చూసిన. ఎవ్వరడగలే. అమ్ముతనన్నది అందుకే. బండి ఖరాబైందని కాదు."

కారు బ్రిడ్జి పైకి ఎక్కేసింది. కింద పట్టాల మీద ఏదో రైలు వెళ్తోంది. నూకయ్య ఆ కాలి మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. ఇన్నేళ్లుగా పొద్దున్నే పేపరు ఎత్తి చూపించాడు గానీ, ఆ పిల్ల ఆ కాలిని ఎలా ఎత్తుకుంటుందో ఏనాడూ చూడలేదు తను. చూసి ఉంటే ఆ అబద్ధమే తట్టేది కాదు. ఏడుపొచ్చింది. తల వంచుకుని కూర్చున్నాడు.

బోయిగూడలో సన్న వీధి మలుపులో కారు ఆగేసరికి కమలాబాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కూతురు బండి నడుపుకుంటూ రావడం చూసి ముసలావిడ ముఖం విప్పారింది. నూకయ్య దిగగానే కొంగు చాటు నుంచి గుప్పెడు జమ్మి ఆకులు తీసి, ఆయన రెండు చేతులూ కలిపి పట్టుకుని, వాటిలో పెట్టింది.

"బంగారం తీస్కోండ్రి అన్నా. మా బిడ్డ ఎప్పుడు మీ ముచ్చటనే చెప్తది. సొంత బాబాయ్ సుత గంత చేయడని. బండి మల్ల మంచిగ చేసి, దగ్గరుండి తీస్కొచ్చిన్రా? మీ రుణం ఎట్ల తీర్చుకుంటమో."

నూకయ్య ఆ ఆకుల్ని పట్టుకోనూ లేడు, కింద పడెయ్యనూ లేడు. కారు దగ్గర అనుపమ తలుపు తెరిచి, రెండు చేతులతో కాలిని ఎత్తి బయట పెట్టుకుని, కర్ర ఊతంగా లేచి, గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె దిగేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు.

"అమ్మా," అంది అనుపమ, "బాబాయ్ నీకొక మాట చెప్పనీకి వచ్చిండ్రు. ఇను."

కమలాబాయి నవ్వు ముఖంతోనే ఆయన వైపు తిరిగింది. నూకయ్య ఆమె పెట్టిన జమ్మి ఆకుల్ని రెండు చేతుల్లో అలాగే పట్టుకుని, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.